లారీ డ్రైవర్‌కు శుక్లం ఆపరేషన్: మోనోఫోకల్ లెన్సా, మల్టీఫోకలా? ఏది మేలు?

శుక్లం ఆపరేషన్‌కు ముందు కౌన్సెలింగ్ గదిలో కంట్లో అమర్చే కృత్రిమ లెన్సుల ధరల పట్టిక చేతిలో పెడతారు. ఎక్కువ ధర ఉన్నదే ఎక్కువ మంచిదనుకుని, అప్పు చేసైనా దాన్నే వేయించుకునే డ్రైవర్లు ఉన్నారు. రాత్రిపూట హైవే మీద లోడు బండి నడిపేవాళ్ల విషయంలో ఈ లెక్క తప్పుతుంది. వాళ్లలో ఎక్కువ మందికి సరిపోయేది రెండు కళ్లలోనూ దూరపు చూపుకు కుదిర్చిన మామూలు మోనోఫోకల్, అంటే ఒకే దూరానికి పనిచేసే లెన్సే. అది ఆస్ఫెరిక్ రకమైతే, అంటే బొమ్మ మరింత స్పష్టంగా పడేలా వంపు సరిదిద్దినదైతే ఇంకా మంచిది.

ముందు లైసెన్సు సంగతి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రవాణా వాహనాల లైసెన్సు 5 ఏళ్లకోసారి, పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్ల వంటి ప్రమాదకర సరుకుల బండ్లకైతే 3 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. దానికి ఫారం 1-ఏ, అంటే డాక్టర్ సంతకం చేసిన వైద్య ధ్రువపత్రం కావాలి. అందులో చూపు గురించి అడిగేవి ఇవి: చూపులో లోపం ఉందా, ఉంటే తగిన కళ్లద్దాలతో సరిచేశారా, రంగుల గుడ్డితనం తీవ్రంగా గానీ పూర్తిగా గానీ ఉందా, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు పోల్చుకోగలరా, రేచీకటి ఉందా. డ్రైవర్ స్వయంగా రాసిచ్చే ఫారం 1లోనూ ఆ 25 మీటర్ల ప్రశ్నే ఉంటుంది, అయితే 'ఒక్కో కంటితోనూ' అని ఉంటుంది. ఒక కన్ను పోయినవాళ్లకు అక్కడ ఇచ్చిన సడలింపు రవాణా వాహనాలకు వర్తించదు. కళ్లద్దాలు పెట్టుకుని చదివినా చెల్లుతుంది. కాబట్టి 'అద్దాల అవసరం లేని లెన్స్ వేయించుకుంటేనే లైసెన్సు వస్తుంది' అన్న మాటలో నిజం లేదు.

పగటిపూట ఆ నంబరు ప్లేటును ఏ లెన్స్ వేయించుకున్నా చదవగలరు. అసలు తేడా చీకటి పడ్డాక బయటపడుతుంది.

మోనోఫోకల్ లెన్స్ తనలోకి వచ్చిన వెలుతురునంతా ఒకే దూరానికి కేంద్రీకరిస్తుంది. మల్టీఫోకల్ లెన్స్ మీద సన్నని వలయాలుంటాయి. అవి వెలుతురును దూరానికి, దగ్గరకు, కొన్ని రకాల్లో మధ్య దూరానికి కూడా పంచుతాయి. అంటే దూరపు చూపుకు దక్కేది దాదాపు సగం. పగలు వెలుతురు పుష్కలంగా ఉంటుంది కనుక ఆ కోత తెలియదు. రాత్రి కనుపాప పెద్దదవుతుంది, వెలుతురేమో తక్కువ. పైగా దగ్గరి చూపుకు పంచిన వెలుతురు దూరపు బొమ్మ మీద మసకగా పరుచుకుంటుంది. అందుకే ఎదురొచ్చే ప్రతి హెడ్‌లైటు చుట్టూ వలయాలు, కిరణాలు కనిపిస్తాయి. నాలుగు వరుసల ఎన్‌హెచ్ 65 మీద మధ్యలో డివైడర్ ఉంటుంది కనుక కొంత నయం. రెండు వరుసల స్టేట్ హైవే మీద డిప్పర్ కొట్టినా హై బీమ్ దించని బండి ఎదురైతే ఆ కొద్ది క్షణాలు రోడ్డు అంచు కనిపించదు. వానలో వైపర్ గీతలు కూడా తోడైతే మరీ కష్టం.

వలయాల కన్నా ప్రమాదకరమైనది మరొకటుంది. మల్టీఫోకల్‌తో కాంట్రాస్ట్ తగ్గుతుంది, అంటే నలుపు మీద ముదురు బూడిద రంగును విడదీసి చూసే శక్తి. రిఫ్లెక్టర్ లేకుండా రోడ్డు పక్కన ఆగిన ట్రాక్టర్ ట్రాలీ, చీకట్లో రోడ్డు దాటే గేదె, ముదురు రంగు బట్టలేసుకుని నడిచే మనిషి, వీళ్లందరూ కాంట్రాస్ట్‌తో కనిపించేవాళ్లే. కంటి పరీక్ష గదిలో తెల్ల బోర్డు మీది నల్ల అక్షరాలు దీన్ని పట్టుకోలేవు. ఆఖరి వరుస గడగడా చదివిన మనిషే రాత్రి ట్రాలీని ఆలస్యంగా చూడవచ్చు. లోడు లారీకి ఆగడానికి కావలసిన దూరం కారుకన్నా చాలా ఎక్కువ. అందుకే ఈ ఆలస్యం ఆఫీసు ఉద్యోగికన్నా లారీ డ్రైవర్‌కు చాలా ఖరీదైనది.

మెదడు అలవాటు పడుతుందని చెబుతారు. అది నిజమే, చాలామందికి కొన్ని నెలల్లో వలయాలు పట్టించుకోనంతగా తగ్గుతాయి. కొందరికి తగ్గవు. ఎవరికి తగ్గవో ముందుగా చెప్పే పరీక్ష లేదు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకు, గ్లకోమా ఉన్నవాళ్లకు కాంట్రాస్ట్ అప్పటికే తక్కువ. వాళ్లు మల్టీఫోకల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మల్టీఫోకల్‌కు ఉన్న సుఖం మాత్రం చిన్నదేం కాదు. బిల్టీ, ఈ-వే బిల్లు, ఫోను అన్నీ అద్దాలు లేకుండా చదువుకోవచ్చు. స్టీరింగ్ వదిలేసి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చూసుకుంటున్నవాళ్లకు, ఖచ్చితంగా పగటిపూటే నడిపేవాళ్లకు అది ఆలోచించదగ్గదే.

మోనోఫోకల్, మల్టీఫోకల్ రెండింటి మధ్య ఈడాఫ్ రకం లెన్సులు ఉన్నాయి, అంటే స్పష్టంగా కనిపించే దూరాన్ని కాస్త సాగదీసేవి. వాటిలో వలయాలు తక్కువ, అయినా పూర్తిగా పోవు. మోనోఫోకల్‌నే కాస్త మెరుగుపరిచి, డ్యాష్‌బోర్డు దూరం కొంత స్పష్టంగా కనిపించేలా చేసిన రకాలూ వచ్చాయి. డబ్బు పెట్టగలిగితే మల్టీఫోకల్ కన్నా వాటి గురించి అడగడం మేలు. ఇక మోనోవిజన్, అంటే ఒక కన్ను దూరానికి, రెండోది దగ్గరకు కుదిర్చే పద్ధతి, లారీకి పనికిరాదు. దగ్గరకు కుదిర్చిన కన్ను అద్దం లేకుండా 25 మీటర్ల ప్లేటు చదవలేదు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు దూరం అంచనా తప్పుతుంది.

మోనోఫోకల్ వేయించుకునేవాళ్లు సర్జన్‌తో మూడు మాటలు స్పష్టంగా చెప్పాలి. నేను రాత్రి లారీ నడుపుతాను. రెండు కళ్లూ దూరానికే కుదర్చండి, చదువుకోవడానికని మైనస్‌లో వదలొద్దు. నా కార్నియాలో సిలిండర్ ఎంత ఉంది? సిలిండర్ అంటే కార్నియా వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం వల్ల వచ్చే పవర్; అది సుమారు ఒకటి, ఒకటిన్నర దాటితే మోనోఫోకల్‌లోనే దాన్ని సరిచేసే టోరిక్ రకం అడగాలి. అదనంగా పెట్టే డబ్బు అక్కడ పెడితే రోడ్డు మీద అక్కరకొస్తుంది.

దగ్గరి చూపుకు సాధారణంగా ప్లస్ 2 నుంచి 2.5 అద్దం కావాలి. దాన్ని తాడుకు కట్టి మెడలో వేసుకుని, బండి ఆగినప్పుడే పెట్టుకోవడం మంచిది. గీత ఉన్న బైఫోకల్ పెట్టుకుని క్యాబిన్ మెట్లు దిగితే కింది మెట్టు మసకగా కనిపించి కాలు జారుతుంది. దూరానికి కూడా అద్దం రాస్తే, నడిపేంతసేపూ అది ఉండాల్సిందే. రెండో జత క్యాబిన్‌లో పెట్టుకోండి.

ఆపరేషన్ పద్ధతిలోనూ రెండు దారులు: శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేసే ఫేకో, కోతలోంచి శుక్లాన్ని చేత్తో బయటకు తీసే ఎస్ఐసీఎస్. ఫేకోలో కోత 3 మిల్లీమీటర్ల లోపు, ఎస్ఐసీఎస్‌లో సుమారు 6. కుట్లు మామూలుగా రెండింట్లోనూ ఉండవు. చిన్న కోత త్వరగా మానుతుంది, సిలిండర్ తక్కువగా వస్తుంది. త్వరగా పనిలోకి వెళ్లాలంటే ఫేకో మేలు. బాగా ముదిరి గట్టిపడ్డ శుక్లానికి మాత్రం ఎస్ఐసీఎస్ ఏ మాత్రం తక్కువది కాదు. ఉచిత శిబిరంలో అదే చేశారని దిగులు పడక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఉచిత ఆపరేషన్లలో సాధారణంగా వేసేది మోనోఫోకలే కనుక, డ్రైవర్‌కు కావలసిన లెన్స్ అక్కడే దొరుకుతున్నట్టు.

ఎన్ని రోజులకు స్టీరింగ్ పట్టాలో మోటారు వాహనాల నిబంధనలు అంకె చెప్పవు, సర్జన్ మాటే ప్రమాణం. కారు నడపడానికి ఒప్పుకున్నారంటే లారీకీ ఒప్పుకున్నట్టు కాదు, విడిగా అడగండి. పట్టా కట్టడం, తాళ్లు లాగి బిగించడం, జాకీ పెట్టి టైరు మార్చడం కంటి మీద ఒత్తిడి పెంచే పనులు. కిటికీలోంచి కొట్టే దుమ్ము ఇన్ఫెక్షన్‌కు దారి. చుక్కల మందు కన్ను తెల్లబడగానే మానేస్తే లోపల వాపు తిరగబెడుతుంది. నొప్పి, ఎరుపు, చూపు హఠాత్తుగా తగ్గడం, వీటిలో ఏది కనిపించినా లోడు ఎక్కడున్నా సరే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక కంటికి ఆపరేషన్ అయి రెండోది మిగిలి ఉన్న కాలం ఇబ్బందైనది. రెండో కంటికి మైనస్ 5, 6 ఉంటే రెండు కళ్ల బొమ్మలు ఒకే సైజులో ఉండవు, అద్దాలతో సరిచేయడం కుదరదు. ఆ మధ్యకాలంలో లారీ ఎక్కకుండా, రెండో ఆపరేషన్ త్వరగా చేయించుకోవడమే మార్గం. ఫారం 1-ఏ కూడా అద్దాల పవర్ స్థిరపడ్డాకే తీసుకోవాలి, అంటే సుమారు నెల నుంచి నెలన్నర. వెళ్లేముందు టేపుతో 25 మీటర్లు, అంటే 82 అడుగులు కొలిచి, ఒక్కో కన్ను మూసి ప్లేటు చదివి చూసుకోండి. డిశ్చార్జ్ కాగితం, లెన్స్ స్టిక్కర్ అంటించిన కార్డు వెంట ఉంచుకోండి. లైసెన్సు గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఆపరేషన్ తేదీని దాన్నిబట్టి పెట్టుకుంటే తొందర ఉండదు.

ఇప్పటికే మల్టీఫోకల్ వేయించుకుని రాత్రి వలయాలతో అవస్థ పడుతున్నవాళ్లకు ఒక మాట. లెన్స్ వెనక పొర మసకబారినా ఇలాగే అనిపిస్తుంది, దాన్ని యాగ్ లేజర్‌తో నిమిషాల్లో తెరుస్తారు. కానీ ఒకసారి ఆ పొర తెరిచాక లెన్స్ మార్చడం చాలా కష్టం. కాబట్టి లేజర్‌కు ఒప్పుకునే ముందు, ఇబ్బంది పొర వల్లనా లెన్స్ వల్లనా తేల్చమని అడగండి. ఆపరేషన్ అయిన మొదటి వారాల నుంచే వలయాలుంటే అనుమానించాల్సింది లెన్స్‌నే. బాగా కనిపించి, నెలలో ఏళ్లో గడిచాక మసక మొదలైతే అది చాలావరకు పొరే.