పడమటి ఎండ, ఏడడుగుల రాడ్డు, రెండు పరదాలు

బిగించిన వారంలోనే రాసి ఉంటే ఈ షాపుకి ఐదుకి ఐదు చుక్కలూ ఇచ్చేసేదాన్ని. కిందటి సంక్రాంతికి ముందు కొత్త ఇంటికి కర్టెన్లు, బ్లైండ్లు అన్నీ భీమవరంలో ఒకే చోట చేయించాం. ఒక రోహిణి కార్తె, ఒక వానాకాలం, దాళ్వా (రబీ వరి) కోతలు, సార్వా (ఖరీఫ్ వరి) కోతలు అన్నీ దాటాక ఇప్పుడు రాస్తున్నాను. షాపు పేరు మాత్రం రాయను. గుడ్డ విషయంలో వాళ్లు నన్ను మోసం చేయలేదు. కొలతల దగ్గర జరిగిన దాంట్లో నా బుద్ధితక్కువ కూడా కొంత ఉంది.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. ఇంటికి తూర్పున కాలువ, పడమర వరిచేలు, వాటి వెనక రొయ్యల చెరువులు. చేలు కనపడాలని మా ఆయన హాల్లో పడమటి గోడకి ఆరడుగుల కిటికీ పెట్టించారు. చేలు బాగానే కనపడతాయి. మధ్యాహ్నం రెండు దాటితే సూర్యుడు కూడా వచ్చి సోఫాలో మన పక్కనే కూర్చుంటాడు.

ముందు మంచి మాట చెబుతాను. షాపులో ట్యూబ్‌లైట్ల కింద ప్రతి రంగూ బాగానే ఉంటుంది కదా. ఆ సంగతి వాళ్లే చెప్పి, క్యాటలాగు రెండు రోజులు ఇంటికి పట్టుకెళ్లమన్నారు. అడ్వాన్సు కూడా అడగలేదు. నేను మనసు పడింది ఆవపిండి రంగు. ఆ ముక్కని సాయంత్రం నాలుగింటికి కిటికీకి అడ్డం పెట్టి చూస్తే ఇంట్లో అందరికీ కామెర్లు వచ్చినట్టు కనపడ్డారు. దాన్ని పక్కన పెట్టేసి గంధం రంగు తీసుకున్నాం. అచ్చంగా కాటన్ కావాలని నేను పట్టుబడితే కౌంటర్లో పెద్దాయన ఒప్పుకోలేదు. "ఆయ్, వద్దండి మేడమ్‌గారూ. తడపకుండా కుడితే మొదటి ఉతుక్కే పొట్టిగౌను అయిపోద్దండి" అన్నారు. కాటన్‌లో పాలిస్టర్ కలిసిన గుడ్డ ఇచ్చారు. ఏడాదిలో నాలుగు సార్లు ఉతికాను, అంగుళం కూడా తగ్గలేదు. కుట్టు కూడా వంక పెట్టలేం. కింద అంచు నాలుగు వేళ్ల వెడల్పున రెండు మడతలు వేసి కుట్టారు, అందుకే గాలి వచ్చినా బరువుగా నిలబడుతుంది.

ఇక కొలతలు. స్కూటరు మీద ఒక కుర్రాడొచ్చి టేపు పెట్టి, కిటికీ ఆరడుగులు, రాడ్డు ఏడడుగులు, పరదాలు రెండు అని రాసుకుపోయాడు. గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 48 అంగుళాలు. రెండు పరదాలంటే 96. రాడ్డు 84. అంటే మూసినప్పుడు మడతలకి మిగిలేది పన్నెండు అంగుళాలు, పక్క కుట్లు తీసేస్తే అది కూడా ఉండదు. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇరవై ఏళ్లుగా పిల్లలకి కొలతల పాఠం చెబుతూ ఈ కూడిక దగ్గర నా బుర్ర ఎందుకు పనిచేయలేదో నాకే తెలియదు. బిగించి వెళ్లాక పరదాలు మూస్తే, దండెం మీద ఆరేసిన దుప్పటిలా బిర్రుగా నిలబడ్డాయి. మడతలు అందంగా పడాలంటే గుడ్డ రాడ్డుకి కనీసం రెండింతలు ఉండాలి. మా కిటికీకి నాలుగు పరదాలు కావాలన్నమాట.

ఫోన్ చేస్తే "చాలామంది ఇలాగే వేయించుకుంటారండి" అన్నారు. చాలామంది సంగతి నాకెందుకు? రెండు రోజులు వాదించాక, గుడ్డ డబ్బులు తీసుకుని కుట్టుకూలి లేకుండా ఇంకో రెండు పరదాలు ఇచ్చారు. ఈలోగా మొదటి తాను అయిపోయింది. కొత్త తానులో గంధం రంగు కొంచెం ముదురు. పగలు తెలియదు. సాయంత్రం ఎండ వెనక నుంచి పడితే రెండు లేతవి, రెండు ముదురువి విడివిడిగా తెలిసిపోతాయి.

దానికి తోడు కొత్తవాటిలో ఒకదానికి రింగులు ఏడే వేశారు. ఇదేం పెద్ద తప్పా అనుకుంటారు. రాడ్డు ఒక రింగులోంచి లోపలికి, ఇంకో రింగులోంచి బయటికి వస్తుంది. రింగులు సరిసంఖ్యలో ఉంటే పరదా రెండు చివరలూ గోడ వైపే తిరుగుతాయి. బేసి అయితే ఒక చివర గదిలోకి తిరిగి చెవిలా బయటికి నిక్కుతుంది. ఆ సందులోంచి వచ్చే ఎండ సరిగ్గా టీవీ మీద పడేది. మళ్లీ భీమవరం పంపే ఓపిక లేక అత్తయ్యగారు ఆ చివరని పక్క పరదాకి పిన్నీసుతో పెట్టేశారు. ఏడాదిగా ఆ పిన్నీసే కాపాడుతోంది.

పడకగదికి బ్లాకౌట్ గుడ్డ తీసుకున్నాం. కొనేటప్పుడు సెల్‌ఫోన్ టార్చి గుడ్డ వెనక పెట్టి చూడండి, వెలుతురు చుక్కలు కనిపిస్తే అది పేరుకే బ్లాకౌట్. మాది పరీక్ష నెగ్గింది, మధ్యాహ్నం కూడా గది చీకటిగా ఉంటుంది. కానీ మన డెల్టా గాలి సంగతి తెలిసిందే, వానాకాలం ఉప్పు డబ్బాలో ఉప్పే నీరుకారుతుంది. శ్రావణ మాసంలో చూస్తే, కిటికీ గట్టుకి ఆనుకున్న చోట వెనక కోటింగు మీద నల్లటి బూజు చుక్కలు. బ్లీచింగ్ పెడితే కోటింగు లేచిపోతుందన్నారు. వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి నీడన ఆరేస్తే సగం చుక్కలు పోయాయి. దీనికి షాపువాళ్లని అనను. రాడ్డుని గోడకి ఇంకాస్త ఎడంగా పెట్టించుకోవాల్సింది.

వంటింటికి పెట్టించిన జీబ్రా బ్లైండు (పల్చటి పట్టీ, మందపు పట్టీ ఒకదాని తర్వాత ఒకటి ఉండి, గొలుసు లాగితే పైకి చుట్టుకునే తెర) మాత్రం దండగ. చదరపు అడుగు 140 చొప్పున నాలుగడుగుల కిటికీకి 2,240 రూపాయలు అయింది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాళ్వా కోతల్లో మిషను చేలోకి దిగిందంటే ఊక దుమ్మంతా దాని మీదే, పైగా పోపు జిడ్డు. కర్టెన్ అయితే ఉతికి పారేస్తాం, దీన్ని నిచ్చెనెక్కి గుడ్డతో తుడవాలి. దించి ఉంచితే గాలి రాదు, కిటికీ తీస్తే కింది పట్టీ టపటపా కొట్టుకుంటుంది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది దాని గొలుసు. మా ఆడపడుచు మనవడు ఒకరోజు అది మెడలో వేసుకుని ఆడుతున్నాడు. గొలుసుని గోడకి బిగించి పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క అట్టపెట్టెలోనే ఉండిపోయింది, బిగించినవాళ్లు బిగించలేదు. నేనే మర తిప్పి పెట్టాను. చిన్నపిల్లలు తిరిగే ఇళ్లలో ముందు ఇది చూసుకోండి.

ఇంత ఖర్చు పెట్టాక కూడా హాల్లో వేడి తగ్గలేదు. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక పరదా ఎంత మందంగా ఉన్నా ఆ వేడి చాలావరకు గదిలోనే ఉంటుంది. ఆపితే బయటే ఆపాలి. మా అత్తయ్యగారు చిన్నప్పుడు వాళ్ల మండువా ఇంటికి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారని చెబుతూ ఉంటారు. మేం అంత చేయలేదు. పాలకొల్లులో వెదురు పని చేసేవాళ్ల దగ్గర చుట్టి పైకి కట్టేసే తడిక ఒకటి చేయించి, కిటికీ బయట సన్‌షేడ్‌కి కట్టాం. 1,100 రూపాయలు. మొన్న మే నెలలో మధ్యాహ్నం మూడింటికి అద్దం మీద చెయ్యి ఆన్చి ఉంచగలిగాను. అంతకుముందు చురుక్కుమనేది. వెదురు సందుల్లోంచి గాలి కూడా ఆడుతుంది.

ఇంట్లో అందరికీ నచ్చింది మాత్రం అసలు ఆ షాపుదే కాదు. తూర్పు కిటికీకి కింది సగం మాత్రమే కప్పే అర పరదా, నరసాపురం లేసు. మా పక్క వీధిలో ఒకామె అరుగు మీద కూర్చుని క్రోషియా సూదితో మూడు వారాల్లో అల్లి ఇచ్చింది. 2024లో ఈ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, ఆమెకి ఆ సంగతి నేను చెబితేనే తెలిసింది. దారంతో కలిపి 1,800 ఇచ్చాను. పొద్దున్నే కాలువ నీళ్ల మీద నుంచి వెలుతురు లేసులోంచి పడితే గచ్చు మీద పువ్వులన్నీ కదులుతుంటాయి.

ఇప్పుడు పైన రెండు గదులు వేశాం. కర్టెన్లకి మళ్లీ అదే షాపుకి వెళ్లాను, గుడ్డ మంచిది కాబట్టి. ఈసారి అన్నీ ఒకే తానులోంచి కోయాలని బిల్లు మీద రాయించుకున్నాను. కొలతలకి మళ్లీ ఆ కుర్రాడే వచ్చాడు. అతను వచ్చేలోపే ప్రతి కిటికీ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టాను: రాడ్డు ఇంత, పరదాలు నాలుగు, ఒక్కోదానికి రింగులు ఎనిమిది. అతను గోడ వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, టేపు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"లెక్క సరిపోయిందండి, మేడమ్‌గారూ" అన్నాడు.