ఐడెంటిటీ మ్యాపింగా, హయ్యర్ హాఫా: కొత్త కెర్నెల్‌కు ఏది మేలు?

విజయనగరంలో నా గదికి వచ్చే ముగ్గురు కుర్రాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టుగా 64 బిట్ల కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) రాస్తున్నారు. బొబ్బిలి కుర్రాడిది ఐడెంటిటీ మ్యాపింగ్ పక్షం, మిగతా ఇద్దరిదీ హయ్యర్ హాఫ్. వారం నుంచి ఇదే గొడవ.

ర్యామ్‌లో చోటు నంబరు ఎంతో, కెర్నెల్ వాడే అడ్రస్ కూడా అంతే అయితే అది ఐడెంటిటీ మ్యాపింగ్. స్థలం సర్వే నంబరునే ఇంటికి డోర్ నంబరుగా రాసుకున్నట్టు. హయ్యర్ హాఫ్‌లో కెర్నెల్ ర్యామ్‌లో కింద ఎక్కడో ఉంటుంది, దాని అడ్రస్‌లు మాత్రం చాలా పైన ఉంటాయి. ఎక్స్86-64 (ఇంటెల్, ఏఎండీ 64 బిట్ల ప్రాసెసర్ల) లైనక్స్ కెర్నెల్ అయితే అడ్రస్‌ల వరుసలో చిట్టచివరి 2 జీబీలో ఉంటుంది.

బొబ్బిలి కుర్రాడి మాటలో న్యాయం ఉంది. పేజింగ్ అంటే మెమరీని పేజీలనే ముక్కలు చేసి, ఏ అడ్రస్ ర్యామ్‌లో ఎక్కడుందో పేజీ టేబుల్ అనే పట్టికలో చూసే పద్ధతి. అది ఆన్ చేసిన మరుక్షణం ప్రాసెసర్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌ను పేజీ టేబుల్ ద్వారానే వెతుకుతుంది. ఆ పాత అడ్రస్ టేబుల్‌లో లేకపోతే ఫాల్ట్ వస్తుంది. దాన్ని పట్టే కోడ్ (హ్యాండ్లర్) ఇంకా లేదు కాబట్టి ఫాల్ట్ మీద ఫాల్ట్ పడి, ట్రిపుల్ ఫాల్ట్ అయి మెషిన్ రీసెట్ అవుతుంది. అందుకే ఆ కాసేపటికి ఐడెంటిటీ తప్పదు.

కానీ అక్కడే కాపురం పెట్టకూడదు. యూజర్ ప్రోగ్రామ్‌లు మామూలుగా కింది అడ్రస్‌లకే లింక్ అవుతాయి. లైనక్స్‌లో పాత పద్ధతి ప్రోగ్రామ్‌లకు 4 ఎంబీ దగ్గర మొదలు. కెర్నెల్ కూడా అక్కడే ఉంటే రెండూ ఒకే చోటు కోసం ఢీకొంటాయి. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. సున్నా అడ్రస్ కూడా మ్యాప్ అయి ఉంటే నల్ పాయింటర్ (ఎక్కడికీ చూపించని, సున్నా విలువున్న అడ్రస్) వాడిన తప్పు బయటపడదు. ఒకసారి నా కోడ్ సున్నాలో రాసేస్తున్నా ఏ ఫాల్టూ రాలేదు. ఆ తప్పు దొరకడానికి రెండు రాత్రులు పట్టింది.

హయ్యర్ హాఫ్‌కు లింకర్ స్క్రిప్ట్‌లో (కోడ్ ఏ అడ్రస్‌లో ఉండాలో చెప్పే ఫైలులో) లోడ్ అడ్రస్, నడిచే అడ్రస్ వేరువేరుగా రాయాలి. మొదట్లో టెన్షనే, అయినా నా ఓటు దానికే. రెండూ వరుసగా కావాలి: ముందు రెండు మ్యాపింగులూ పెట్టి, పైకి జంప్ చేసి, ఆ తర్వాతే కిందిది తీసేయాలి. కొత్తింట్లో పాలు పొంగించాకే కదా పాతింటి తాళం ఇచ్చేస్తాం. లైనక్స్ కూడా బూట్‌లో ఇదే చేస్తుంది.

ఇక పేజీ సైజు. వాళ్ల ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్. అదంతా 4 కేబీ పేజీలతో మ్యాప్ చేస్తే 10,48,576 ఎంట్రీలు, ఒక్కోటి 8 బైట్లు, అంటే మెట్లు మెట్లుగా ఉండే పేజీ టేబుళ్లలో చివరి మెట్టుకే 8 ఎంబీ. 2 ఎంబీ పేజీలైతే 2,048 ఎంట్రీలు, 16 కేబీ. ర్యామ్ మొత్తానికి పెద్ద పేజీలు వాడండి. కెర్నెల్ కోడ్‌కు మాత్రం 4 కేబీవి పెడితే, ఏది చదవాలి, ఏది రాయాలి అన్న అనుమతులు విడివిడిగా ఇవ్వడం సులువు.

కిందిది తీసేశాక పేజీ టేబుల్ ఎక్కడుందో ప్రాసెసర్‌కు చెప్పే సీఆర్3 రిజిస్టర్‌ను మళ్లీ లోడ్ చేయడం మరిచిపోకండి. లేకపోతే పాత ఎంట్రీలు టీఎల్‌బీలో (ఇటీవల వెతికిన అడ్రస్‌లను ప్రాసెసర్ గుర్తుపెట్టుకునే చోట) మిగిలిపోయి, నల్ పాయింటర్ తప్పు ఇంకొన్నాళ్లు దాక్కునే ఉంటుంది.