క్యాడ్‌బరీయా, అమూలా? నేనైతే ఫ్రిజ్ చూసి చెబుతా

మా షాపు విశాఖ మద్దిలపాలెంలో, యూనివర్సిటీకి దగ్గర. ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, ఎంబీఏ పిల్లలు ఒకటే అడుగుతారు: "అన్నా, చాక్లెట్లలో ఎవరి బిజినెస్ గట్టిది? క్యాడ్‌బరీ మీద రాయమంటారా, అమూల్ మీదా?" గిరాకీ చూసుకుంటూ అందరికీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా.

వాళ్ల రిపోర్టుల్లో ప్రకటనలుంటాయి, బ్రాండ్ ఉంటుంది, కంపెనీలు షాపులకిచ్చే ఫ్రిజ్ మాత్రం ఉండదు. నా లెక్కలో అసలు సంగతి అదే. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, మన మే నెల ఉక్కపోతలో కరెంటు పోతే ఇంక చెప్పేదేముంది. కరిగి మళ్లీ గట్టిపడితే పైన తెల్లటి పొర కడుతుంది. అది పైకి తేలిన కొవ్వే, తిన్నా ఏం కాదు, కానీ "బూజు పట్టింది అమ్ముతావా" అంటూ కౌంటర్ మీద విసిరిన పెద్దావిడకి ఆ సైన్సు చెప్పి చూడండి! రెండేళ్ల కిందట నాకు జరిగిందదే. ఒక కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్ పాడైతే మెకానిక్ పదకొండు రోజులకి వచ్చాడు, నష్టం నా నెత్తినే పడింది.

2003లో ముంబైలో క్యాడ్‌బరీ డైరీ మిల్క్‌లో పురుగులు బయటపడితే, షాపుల్లో నిల్వ బాలేదని కంపెనీ అంది. జనం వినలేదు. మరుసటి ఏడాది ప్యాకింగ్ మార్చి, అమితాబ్ బచ్చన్‌ని తెచ్చింది. పిల్లలంతా అమితాబ్ దగ్గరే ఆగిపోతారు, నేను మాత్రం గల్లా పక్కనున్న క్యాడ్‌బరీ వాళ్ల ఊదారంగు ఫ్రిజ్ చూడమంటాను. చిల్లర ఇచ్చేలోపు పిల్లాడి చెయ్యి దాని మీదకే పోతుంది. ఐదు రూపాయల ముక్క నుంచి సిల్క్ దాకా అందులోనే. ఆ జాగా ఒకరికిచ్చాక రెండోవాళ్లకి చోటెక్కడ? పైగా శ్రీసిటీలో 2016 నుంచి వాళ్ల ఫ్యాక్టరీ నడుస్తోంది.

అమూల్‌ని తీసిపారేయలేం. పాల రైతుల సంఘాలది, చల్లటి బండ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కాకపోతే వాళ్ల ఐస్‌క్రీం ఫ్రీజర్లో చాక్లెట్ పెట్టలేం, బయటికి తీయగానే చెమ్మ పట్టి పాడవుతుంది. వాళ్ల 55 శాతం డార్క్ చాక్లెట్‌ని బీచ్ రోడ్డులో వాకింగ్ చేసొచ్చే అంకుల్స్ అడిగి మరీ కొంటారు (అందులోనూ చక్కెర ఉందంటే వినరు). పిల్లలు ఏడ్చి అడిగేది మాత్రం అది కాదు.

నెస్లే మంచ్, కిట్‌క్యాట్ వేఫర్ సరుకు, బాగానే కదులుతుంది. ఫెర్రెరో రోషే పండగలకి గిఫ్టు, అంతే.

ఒక్క చోట అమూల్‌దే పైచేయి. 2024 డిసెంబర్‌లో కోకో టన్ను 12,000 డాలర్లు దాటింది. పాలమ్ముకునేవాడు అలాంటి దెబ్బకి తట్టుకుంటాడు, చాక్లెట్‌తో బతికేవాడు ముక్క బరువు తగ్గించుకోవాలి. అయినా నా ఓటు క్యాడ్‌బరీకే.

ఇంకా డౌట్లుంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య రండి, అప్పుడు గిరాకీ ఉండదు.