ఎంఎక్స్-5 మేలా, జీఆర్86 మేలా? రెండూ వాడినవాడి లెక్క

మాజ్డా ఎంఎక్స్-5ని నాలుగేళ్లు వాడాను. దాన్ని అమ్మేసి టయోటా జీఆర్86 తెచ్చుకుని రెండేళ్లు దాటింది. రెండూ మాన్యువల్ గేర్లవే, రెండూ వెనక చక్రాలు తోస్తే నడిచేవే, దేనికీ టర్బో లేదు. ఇలాంటి బళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కాబట్టి, సరదాకి ఒక కారు కొనుక్కోవాలనుకునేవాళ్లు చివరికి ఈ రెండింటి మధ్యే ఊగిసలాడుతుంటారు. నన్ను వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పికప్ దేనికెక్కువ?"

ఆ ముచ్చట ముందే తేల్చేద్దాం. నా ఎంఎక్స్-5 రెండు లీటర్ల ఇంజిన్‌ది, 2018 మార్పుల తర్వాత వచ్చిన రకం, 184 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). జీఆర్86ది 2.4 లీటర్ల ఇంజిన్, 235 పీఎస్. కాగితం మీద చూస్తే తేడా చాలానే. కానీ మాజ్డా సుమారు 1,050 కేజీలు తూగుతుంది, టయోటా 1,270 దాకా ఉంటుంది. టన్నుకి ఎంత అని లెక్కేస్తే మాజ్డాకి 175 పీఎస్, టయోటాకి 185 వస్తాయి. సున్నా నుంచి వందకి కంపెనీలు చెప్పే అంకెలు 6.5 సెకన్లు, 6.3 సెకన్లు. కళ్లు ఒకసారి ఆర్పేంత తేడా. పికప్ చూసి ఎంచుకుందామనుకునేవాళ్లు చీటీలు వేసుకోవచ్చు.

ఆ వేగం అందే తీరు మాత్రం వేరు. మాజ్డా ఇంజిన్‌కి తిరగడమంటే సరదా. 7,500 ఆర్‌పీఎం దాకా ఆయాసం లేకుండా వెళ్తుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ముల్లు చటుక్కున పడుతుంది, వేస్తే చటుక్కున లేస్తుంది. జీఆర్86లో ఉన్నది సుబారు వాళ్ల బాక్సర్ ఇంజిన్, అంటే సిలిండర్లు రెండు పక్కలకీ పడుకుని ఉండే రకం. అసలు ఆ కారు తయారయ్యేదే సుబారు గున్మా ఫ్యాక్టరీలో, బీఆర్‌జెడ్ అనే కవలతో కలిసి. 2012లో వచ్చిన మొదటి తరం 86 నడిపినవాళ్లకి దాని జబ్బు గుర్తుండే ఉంటుంది. సరిగ్గా ముందున్న బండిని దాటేద్దామనుకునే 4,000 ఆర్‌పీఎం దగ్గర బలం ఒక మెట్టు దిగిపోయి, మళ్లీ ఎక్కడో పైన అందుకునేది. కొత్త ఇంజిన్‌లో స్ట్రోక్‌ని (పిస్టన్ కదిలే దూరాన్ని) 86 మిల్లీమీటర్లే ఉంచి, బోర్‌ని (సిలిండర్ వెడల్పుని) 86 నుంచి 94కి పెంచారు. 1,998 సీసీ కాస్తా 2,387 అయింది. పాతదాంట్లో 205 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కోసం 6,400 ఆర్‌పీఎం దాకా లాగాల్సి వచ్చేది, ఇప్పుడు 250 న్యూటన్ మీటర్లు 3,700కే దొరుకుతున్నాయి. (పేరులోని 86 ఈ కొలతల నుంచే వచ్చిందని కొందరంటారు. కాదు, 1983 నాటి ఏఈ86 కరోల్లాని తలుచుకుంటూ పెట్టిన పేరది.)

రోడ్డు మీద దీని అర్థం ఏమిటంటే, లారీ వెనక మూడో గేరులో పోతూ సందు దొరికితే జీఆర్86లో కాలు నొక్కితే చాలు. ఎంఎక్స్-5లో ఒక గేరు దించాలి. ఆ దించడం శిక్షేం కాదు. మాజ్డా గేరు రాడ్ ఎంత పొట్టిగా కదులుతుందంటే పని మొత్తం మణికట్టే చేసేస్తుంది, భుజానికి కబురే అందదు. అవసరం లేకపోయినా ఒక గేరు దించి మళ్లీ ఎక్కించిన రోజులున్నాయి. జీఆర్86 గేర్‌బాక్స్ కూడా బాగుంటుంది గానీ, చలి ఉదయం మొదటి పది నిమిషాలు రెండో గేరు బతిమాలించుకుంటుంది. వేడెక్కాక మళ్లీ మనిషవుతుంది.

శబ్దం విషయంలో రెండింటికీ మార్కులు తక్కువే వేస్తాను. మాజ్డాది చురుకైన మామూలు నాలుగు సిలిండర్ల గొంతు. టయోటా తన శబ్దాన్ని స్పీకర్లలోంచి కాస్త పెంచి వినిపిస్తుంది. ఆ సంగతి తెలియనంతకాలం బాగానే ఉంటుంది. తెలిశాక చెవి ఊరుకోదు.

ఇంకో చిన్న లెక్క చెప్తాను, దీన్ని ఎందుకో ఎవరూ పట్టించుకోరు. ఈ రెండు కార్లలోనూ రెండో గేరే దాదాపు వంద కిలోమీటర్ల వేగం దాకా వెళ్తుంది. అంటే మామూలు రోడ్డు మీద ఇంజిన్‌ని చివరిదాకా లాగే అవకాశం మొదటి గేరులోను, రెండో గేరులోను మాత్రమే. మూడోది మొదలెట్టే సరికే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అందుకే నా దృష్టిలో ఇలాంటి కారు ఏ వేగంలో మజా ఇవ్వడం మొదలుపెడుతుందన్నదే అసలు సంగతి. ఎంఎక్స్-5, జీఆర్86 దారులు విడిపోయేది ఇక్కడే.

ఎంఎక్స్-5 స్ప్రింగులు మెత్తన. మలుపులో ఒరుగుతుంది, పక్కనుంచి చూసేవాళ్లకి కొంచెం ఎక్కువే ఒరిగినట్టు కనిపిస్తుంది. మొదటి నెలలో నాకు అది నచ్చలేదు. స్పోర్ట్స్ కారు అన్నాక బిగుసుకుని ఉండాలి కదా అనుకున్నాను. పోను పోను అర్థమైంది. ఆ ఒరగడమే టైర్ల మీద ఎంత బరువు పడుతోందో, ఇంకా ఎంత పట్టు మిగిలిందో నడుముకి చెబుతోంది. స్టీరింగ్ తిప్పగానే ముక్కు లోపలికి తిరుగుతుంది, బాడీ ఒక పక్కకి చేరగిలబడుతుంది, వెనక చక్రాలు బరువు అందుకుంటాయి. ఇదంతా యాభై, అరవై కిలోమీటర్ల వేగంలోనే జరుగుతుంది. ఇంటి నుంచి రెండు వీధులు దాటేలోగా ఒక మంచి మలుపు తగిలితే చాలు, ఆ రోజుకి డబ్బులు గిట్టినట్టే. మాజ్డా వాళ్లు దీనికి గుర్రమూ రౌతూ ఒక్కటైనట్టు అనే అర్థం వచ్చే జపనీస్ మాట ఒకటి వాడతారు. ప్రకటనల్లో మాటలు నేను పెద్దగా నమ్మను, ఇది మాత్రం ఒప్పుకుంటాను. 2022 నుంచి వచ్చిన వాటిలో మలుపులో లోపలి వెనక చక్రానికి సన్నగా బ్రేకు వేసి ఒరగడాన్ని తగ్గించే ఏర్పాటు కూడా పెట్టారు. నాదానిలో అది లేదు, దాని మంచిచెడులు చెప్పలేను.

జీఆర్86 అలా ఒరగదు. బాక్సర్ ఇంజిన్ పడుకుని ఉంటుంది కాబట్టి బరువు కిందికి ఉంటుంది, సస్పెన్షన్ బిగువు, బాడీ గట్టి. అరవై వేగంలో అది చాలా బుద్ధిగా మలుపు తిరిగేసి, "ఇంకేమన్నా పనుందా?" అన్నట్టు చూస్తుంది. దానికి ఇంకో ఇరవై, ముప్పై కిలోమీటర్ల వేగం కావాలి. ఆ వేగం దొరికిన చోట, అంటే ఖాళీ కొండ దారిలోనో ట్రాక్ మీదో, దాని ముందు ఎంఎక్స్-5 తేలిపోతుంది. బ్రేకు మీదే కాలు ఉంచి మలుపులోకి వెళ్తే వెనక భాగం మెల్లగా బయటికి జరగడం మొదలెడుతుంది. యాక్సిలరేటర్ వేసి దాన్ని అక్కడే నిలబెట్టవచ్చు. వెనక చక్రాలకి బలం పంచే టోర్సెన్ డిఫరెన్షియల్ ఉండడంతో రెండు వెనక చక్రాలూ కలిసి తోస్తాయి. ఎంఎక్స్-5లో అలాంటి ఆటకి ఇంకాస్త ఓపిక కావాలి. వానలో మాత్రం జీఆర్86తో జాగ్రత్త. బలం తక్కువ ఆర్‌పీఎంలోనే అందుతుంది, 215 మిల్లీమీటర్ల టైర్లు మరీ అంత వెడల్పేం కావు. తడి రోడ్డు మీద రెండో గేరులో తొందరపడితే నడుము కిందనుంచి కారు జారినట్టు తెలుస్తుంది. ఎలక్ట్రానిక్స్ పట్టుకుంటాయి, గుండె మాత్రం ఒక్కసారి లయ తప్పుతుంది.

ఇక కప్పు సంగతి. ఇందులో పోలిక లేదు, జీఆర్86కి కప్పు తీసే ఏర్పాటే లేదు కాబట్టి. ఎంఎక్స్-5లో ముందు అద్దం పైన నడుమ ఒక గొళ్లెం ఉంటుంది. బొత్తాం నొక్కి లాగితే ఊడి వస్తుంది. ఒక చెయ్యి భుజం మీదుగా వెనక్కి తోస్తూ పోతే బట్ట కప్పు మడతలు పడి సీట్ల వెనక కూర్చుంటుంది. పైనుంచి ఒక్కసారి అదిమితే టక్కుమంటుంది, అంతే. మోటారు లేదు, దిగక్కర్లేదు, ఎర్ర లైటు పచ్చగా మారేలోపు పని అయిపోతుంది. ఇంత సులువు కాబట్టే పది నిమిషాల ప్రయాణానికి కూడా తీసేవాణ్ని. ఆర్ఎఫ్ అని గట్టి కప్పు రకం ఒకటుంది, మోటారుతో 13 సెకన్లలో తెరుచుకుంటుంది. అందంగానే ఉంటుంది గానీ, కప్పు పూర్తిగా పోదు, వెనక స్తంభాలు అలాగే నిలబడి ఉంటాయి. నేనైతే బట్ట కప్పే తీసుకుంటాను.

దీనికి మూల్యం ఉంది. హైవే మీద 110 దాటితే గాలి హోరులో పక్కవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. కప్పు మీద పడ్డ వాన నీళ్లు పోవడానికి సీట్ల వెనక చిన్న కాలువలు ఉంటాయి. చెట్టు కింద నిలిపే అలవాటుంటే అవి ఆకులతో పూడిపోతాయి. రెండో ఏడు వానల్లో నా బద్ధకం వల్ల ఒకసారి పూడిపోయి సీటు వెనక కార్పెట్ నానింది. ఆరడానికి నాలుగు రోజులు, వాసన పోవడానికి నెల పట్టింది. ఆ తర్వాత ప్రతి వానాకాలానికి ముందు మెత్తని ప్లాస్టిక్ తీగతో శుభ్రం చేయడం నేర్చుకున్నాను.

పైగా మా ఆవిడకి కప్పు తీయడం బొత్తిగా గిట్టేది కాదు. బయల్దేరి రెండు నిమిషాలు కాకముందే "ఏమండీ, అది వేసేస్తారా, ఎండ నెత్తిన పడుతోంది" అనేది. ఒక్కణ్నే ఉన్నప్పుడే నాకా భోగం. జీఆర్86 వచ్చాక ఆమెకి నచ్చింది ఒకే ఒక్కటి, వెనక సీటు. ఎవరైనా కూర్చుంటారని కాదు. పెద్దవాళ్ల మోకాళ్లకి అక్కడ చోటే లేదు, నలుగురి కారు అన్నది పేరుకే. కానీ ఆమె బ్యాగు, స్వెట్టరు, నీళ్ల సీసా అక్కడ పడేయొచ్చు. ఎంఎక్స్-5లో మామూలు గ్లవ్ బాక్స్ కూడా ఉండదు. రెండు సీట్ల మధ్య వెనకాల చిన్న పెట్టె ఉంటుంది, మోచెయ్యి మెలితిప్పి తెరవాలి. కాఫీ కప్పు పెట్టేది భుజం వెనక. ఫోను ఎక్కడ పెట్టాలన్నది నాలుగేళ్లయినా తేలని సమస్య.

డిక్కీ 130 లీటర్లు. ఇద్దరు రెండు రోజుల ప్రయాణానికి సర్దుకోవచ్చు, సంచులు మెత్తవైతేనే. చక్రాల సూట్‌కేసు తెచ్చుకున్న చుట్టం వస్తే, సూట్‌కేసు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సిందే. జీఆర్86లో వెనక సీటు వీపు ఒకే ముక్కగా ముందుకి పడుకుంటుంది. నేను కారు మార్చడానికి నిజమైన కారణం కూడా అదే. ట్రాక్‌కి వెళ్లే రోజు పాత దుప్పటి ఒకటి పరిచి, డిక్కీలోంచి రెండు చక్రాలు లోపలికి తోసి, వాటి వెనక మిగతా రెండు సర్దుతాను. జాకీ, పానాలు సందుల్లో ఇరికిస్తాను. ఒక సెట్టు టైర్ల మీద వెళ్లి, అక్కడ ఇంకో సెట్టు బిగించుకుని ఆడి, మళ్లీ మొదటి వాటి మీదే ఇంటికి రావచ్చు. ఇంత చిన్న కారులో ఇది కుదరడం నిజంగా గొప్పే.

పొడుగువాళ్లకి ఒక మాట. ఆరడుగులు దాటిన మనిషి ఎంఎక్స్-5 కొనేముందు కప్పు మూసి, అరగంట కూర్చుని చూడాలి. పాతది కొంటున్నట్టయితే 2018 మార్పుల తర్వాతది చూడండి. స్టీరింగ్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలు అప్పుడే వచ్చింది. అంతకుముందు వాటిలో పైకీ కిందికీ మాత్రమే కదిలేది, కాళ్లకి కుదిరితే చేతులకి కుదరదు.

రిపేర్ల దగ్గర మాజ్డాది తేలిక. ఇంజిన్ నిలువుగా ఉంటుంది, స్పార్క్ ప్లగ్గులు పైనే. బాక్సర్‌లో సిలిండర్లు రెండు పక్కలకీ పడుకుని ఉంటాయి, ప్లగ్గులు బాడీ గోడల వైపు చూస్తుంటాయి. చెయ్యి దూరదు, పని పెరుగుతుంది, కూలీ పెరుగుతుంది. ట్రాక్ మనుషులు జీఆర్86 గురించి ఎక్కువగా మాట్లాడుకునేది ఆయిల్ ప్రెజర్ గురించి. మంచి పట్టున్న టైర్లతో పొడవాటి కుడి మలుపులో ఎక్కువసేపు ఉంటే ఆయిల్ ఒక పక్కకి చేరిపోయి, పంపుకి అందకుండా పోవచ్చన్నది వాళ్ల భయం. మామూలు రోడ్డు మీద తిరిగేవాళ్లు దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు. ట్రాక్ పిచ్చి ఉంటే మాత్రం ఆయిల్ పైగీత దాకా ఉంచండి, ప్రెజర్ మీటరు ఒకటి పెట్టించుకోండి.

మరి ఏది కొనాలి? ఇంట్లో ఇదొక్కటే కారైతే జీఆర్86, ఆలోచించక్కర్లేదు. ఎంఎక్స్-5ని ఒక్కదాన్నే పెట్టుకుని ఏడాదంతా నెట్టుకురావచ్చు, నేను మూడేళ్లు అలాగే చేశాను. అందుకే వద్దంటున్నాను. నెలకోసారైనా ట్రాక్‌కి వెళ్తారా? అప్పుడూ జీఆర్86నే. ఇంట్లో సామాను మోసే బండి వేరే ఉండి, ఇది కేవలం మీకోసమైతే ఎంఎక్స్-5. రెండూ నడిపి చూస్తామంటే హైవే మీదికి తీసుకెళ్లకండి. ఇంటి దగ్గర రోజూ తిరిగే దారిలో, రోజూ వెళ్లే వేగంలో నడపండి. ఏ కారు మిమ్మల్ని ఇంకో చుట్టు తిప్పించిందో అదే మీది.

నా మటుకు, ట్రాక్ మోజు ఇంకో రెండేళ్లలో తీరుతుందనుకుంటున్నాను. అప్పుడు జీఆర్86ని అమ్మి మళ్లీ ఎంఎక్స్-5కే వెళ్తాను, ఈసారి 1.5 లీటర్లది, 16 అంగుళాల చక్రాలతో. ఇంకా తేలిక, ఇంకా తక్కువ వేగంలో సరదా. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.