కార్వెట్టా, లాంబోర్గినీయా? ఒకే దారిలో రెండూ నడిపాక

హైదరాబాద్‌లో ఉండే మా బావమరిదికి కార్ల పిచ్చి. నేను లాస్ వేగస్‌లో వరసగా రెండు రోజులు రెండు సూపర్‌కార్లు అద్దెకు తీసుకున్నానని తెలిసిందో లేదో ఫోన్ చేశాడు. "బావా, చరిత్ర చెప్పకు. కార్వెట్టా, లాంబోర్గినీయా? ఏది మేలు?" అన్నాడు. ఫోన్‌లో తేల్చలేకపోయాను. పైగా చరిత్ర ముట్టుకోకుండా ఆ ప్రశ్నకు జవాబు రాదు.

మొదటి రోజు అమెరికా కారు షెవ్రొలే కార్వెట్ సీ8 స్టింగ్‌రే, రెండో రోజు ఇటలీ కారు లాంబోర్గినీ హురకాన్ ఎల్‌పీ 610-4. దారి మాత్రం ఒక్కటే. వేగస్ నుంచి ఇంటర్‌స్టేట్ 15 మీదుగా వ్యాలీ ఆఫ్ ఫైర్ స్టేట్ పార్కుకు వెళ్లి రావడం. రానూ పోనూ నూరు మైళ్ల పైమాటే. చాలావరకు తిన్నటి హైవే, ఆ తర్వాత ఎర్రరాతి కొండల మధ్య పడుతూ లేస్తూ వంపులు తిరిగే సన్నటి రోడ్డు. రెండు కార్లూ గంటకు 300 కి.మీ. దాటగలవు. నేను ఆ దరిదాపులకు కూడా పోలేదు, పోయే ధైర్యమూ లేదు. పక్క సీట్లో మా ఆవిడ ఉంది. కాబట్టి ఇది రేస్ ట్రాక్ తీర్పు కాదు, మామూలు డ్రైవర్ మామూలు రోడ్డు మీద చేసిన పోలిక.

కాగితం మీద లెక్కలు చూస్తే లాంబోర్గినీ కొన్నవాళ్ల మీద జాలేస్తుంది. హురకాన్‌లో 5.2 లీటర్ల వీ10 ఇంజన్, 610 హార్స్‌పవర్. కార్వెట్‌లో 6.2 లీటర్ల వీ8, 490 హార్స్‌పవర్. కానీ టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, చూడండి: హురకాన్‌ది 560 న్యూటన్ మీటర్లు, కార్వెట్‌ది 630. ఆగి ఉన్నచోటి నుంచి 100 కి.మీ. వేగం అందుకోవడానికి రెండింటికీ దాదాపు మూడే సెకన్లు. ధరకొస్తే సీ8 వచ్చిన కొత్తలో, 2020లో, బేస్ మోడల్ 60 వేల డాలర్లకు కాస్త లోపే. హురకాన్ అప్పట్లో రెండు లక్షల డాలర్ల పైనే ఉండేది. ఒక హురకాన్ కొనే డబ్బుతో మూడు కార్వెట్లొచ్చేవి.

మరి ఇటలీ కారు ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు? ఇంజన్ స్టార్ట్ చేసేదాకా నాకూ అర్థం కాలేదు.

మన వాళ్లకు సులువుగా చెప్పాలంటే కార్వెట్ బుల్లెట్ బండి, హురకాన్ ఆర్‌ఎక్స్ 100. వేళాకోళానికి అనడం లేదు. బుల్లెట్ మీద వెళ్తూ గేరు మార్చకుండా కొంచెం యాక్సిలరేటర్ తిప్పితే చాలు, డుగ్గుడుగ్గుమంటూ కింద నుంచే లాగుతుంది. ఆర్‌ఎక్స్ 100 అలా కాదు. కింద నెమ్మదిగా ఉంటుంది, ఇంజన్ వేడెక్కి పైకి తిరిగాక ఒక్కసారి ఎగిరి దూకుతుంది. ఆ దూకుడు కోసమే కాలేజీ కుర్రాళ్లు గేరు దించి మరీ తిప్పేవాళ్లు.

కార్వెట్ ఇంజన్‌లో వాల్వులను కదిపే క్యామ్‌షాఫ్ట్ సిలిండర్ల నెత్తిన ఉండదు, కింద బ్లాక్ మధ్యలో ఉంటుంది. అక్కడి నుంచి పొడవాటి కడ్డీలు పైకి వెళ్లి వాల్వులను నెడతాయి. పాతకాలపు పద్ధతే. ఇంజన్ పొట్టిగా, చవకగా వస్తుంది, కానీ ఆ కడ్డీల బరువు వల్ల మరీ వేగంగా తిరగలేదు. గరిష్ఠ శక్తి 6,450 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గరే అయిపోతుంది. అది లోటే అనిపించదు, ఎందుకంటే అంతదాకా వెళ్లే అవసరమే రాదు. ఐ-15 మీద ట్రక్కును దాటాలంటే మడమ కదపక్కర్లేదు, బొటనవేలు చాలు. 2,000 ఆర్‌పీఎం దగ్గర గుడగుడలాడుతున్న కారు అలాగే ముందుకు జారిపోతుంది. స్థిరమైన వేగంతో పోతుంటే ఎనిమిదిలో నాలుగు సిలిండర్లు వాటంతటవే పడుకుంటాయి కూడా.

హురకాన్ తీరు వేరు. స్టార్ట్ బటన్ మీదే ఒక ఎర్రటి మూత ఉంటుంది, యుద్ధ విమానంలో క్షిపణి వదిలే మీట మీద ఉన్నట్టు. దాన్ని పైకెత్తి నొక్కాలి. నొక్కగానే వెనకాల పది సిలిండర్లూ ఒక్కసారి భళ్లుమంటాయి. పార్కింగ్‌లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు, నాకే సిగ్గేసింది. స్టీరింగ్ కింది భాగంలో మోడ్ మార్చే స్విచ్ ఉంది: స్ట్రాడా, స్పోర్ట్, కోర్సా. స్ట్రాడాలో ఉన్నంతసేపూ బుద్ధిగానే నడుస్తుంది. స్పోర్ట్‌కు మారిస్తే కారు వేరు. 4,000 దాకా ఉరుము, 6,000 దగ్గర గొంతు మారి కేక, 8,000కు చేరేసరికి మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడతాయి. పూర్తి శక్తి వచ్చేది 8,250 దగ్గర. స్టీరింగ్ వెనక గేరు మార్చే కుడిచేతి ప్యాడిల్ లాగితే గేరు పడ్డ దెబ్బ వీపుకు తెలుస్తుంది.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. రెండో గేరులో ఆ పై స్థాయి దాకా లాగితే అమెరికా హైవే స్పీడ్ లిమిట్ అయిపోతుంది. అంటే ఇటలీ వాళ్లు అంత కష్టపడి చేసిన ఆ చివరి 2,000 ఆర్‌పీఎం సుఖం, చట్టం ఒప్పుకున్నంతలో, ర్యాంప్ ఎక్కిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లే. ఆ రెండు మూడు సెకన్ల కోసం నేను ఒక ఎగ్జిట్ దగ్గర అనవసరంగా దిగి మళ్లీ ఎక్కాను. అద్దె లెక్కలో వంద మైళ్లు దాటితే మైలుకింత అని రాసి ఉన్నా సరే, దిగి ఎక్కాను. కార్వెట్‌లో ఆ బుద్ధి పుట్టలేదు.

ఈ తేడా స్వభావాల నుంచి వచ్చిందంటారు చాలామంది: అమెరికన్లకు బలం ఇష్టం, ఇటాలియన్లకు సంగీతం ఇష్టం అని. నాకైతే రోడ్లూ పన్నులూ కారణాలనిపిస్తుంది. అమెరికాలో పెట్రోల్ చవక, రోడ్లు తిన్నన, పావు మైలు డ్రాగ్ రేసులు ఊరూరా ఉన్న సరదా. పెద్ద ఇంజన్ పెట్టు, తొక్కు, పో. ఇటలీలో ఒకప్పుడు రెండు లీటర్లు దాటిన కార్ల మీద 38 శాతం వ్యాట్ ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి ఫెరారీ అంతటి కంపెనీ కూడా రెండు లీటర్ల లోపు వీ8తో 208 అనే మోడల్ చేసి సొంత దేశంలో అమ్ముకుంది. చిన్న ఇంజన్‌లోంచి శక్తి పిండాలంటే దాన్ని వేగంగా తిప్పడం ఒక దారి. పైగా ఫెరారీ ఉన్న మారనెల్లో నుంచీ, లాంబోర్గినీ ఉన్న సాంతగాత బొలొన్యేసే నుంచీ కాస్త దూరం పోతే అపెనైన్ కొండల ఘాట్ రోడ్లు. వంపు వంపుకీ గేరు మార్చే చోట గేరు మార్చడమే ఆనందంగా ఉండాలి కదా.

1963లో ఫోర్డ్ కంపెనీ ఫెరారీని కొనబోవడం, చివరి నిమిషంలో బేరం చెడడం, 1966లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో ఫోర్డ్ మొదటి మూడు స్థానాలూ ఊడ్చేయడం అందరికీ తెలిసిన కథే, మళ్లీ చెప్పను. నాకు ముచ్చటేసేది ఆ శత్రుత్వం కాదు, వీళ్లు గుట్టుగా ఇచ్చిపుచ్చుకున్న సామాను. కార్వెట్‌లో ఆప్షన్‌గా వచ్చే మాగ్నెటిక్ షాక్ అబ్జార్బర్లలో ఇనుప రజను కలిపిన నూనె ఉంటుంది. కరెంటు పంపగానే ఆ నూనె గట్టిపడుతుంది, ఆపేస్తే పలచబడుతుంది. షెవ్రొలే యజమాని జనరల్ మోటార్స్ (జీఎం) నుంచి విడిపోయిన డెల్ఫీ కంపెనీ దాన్ని తెచ్చింది, 2002 మోడల్ కాడిలాక్‌లో మొదట వాడారు. 2006లో వచ్చిన ఫెరారీ 599లోకి అదే వెళ్లింది, హురకాన్‌లో కూడా ఆప్షన్‌గా దొరుకుతుంది. ఇటు చూస్తే కార్వెట్‌ను ఆపే బ్రేకులు ఇటలీ బ్రెంబోవి. 1992లో వచ్చిన డాడ్జ్ వైపర్ వీ10 ఇంజన్‌ను అల్యూమినియంలోకి మార్చడంలో చేయి వేసింది లాంబోర్గినీ, అప్పట్లో అది డాడ్జ్ యజమాని క్రైస్లర్ చేతిలో ఉండేది కాబట్టి. ఇప్పుడు లాంబోర్గినీ ఆడీ చేతిలో ఉంది, హురకాన్‌కూ ఆడీ ఆర్8కూ పునాది ఒకటే. అచ్చమైన ఇటలీ, అచ్చమైన అమెరికా అనేవి బోనెట్ మీద బొమ్మలోనే మిగిలాయి.

స్టీరింగ్ దగ్గరికి వద్దాం. కార్వెట్‌ది నాలుగు పలకలుగా ఉన్న స్టీరింగ్, మొదట నవ్వొస్తుంది, పది నిమిషాల్లో అలవాటవుతుంది. తేలిగ్గా తిరుగుతుంది, చెప్పిన చోటికి వెళ్తుంది, కానీ కింద రోడ్డు నున్నగా ఉందో గరుకుగా ఉందో చేతులకు పెద్దగా తెలియదు. హురకాన్ ముక్కు నా చేతి వేళ్లకే కట్టేసినట్టు ఉంది. వంపు మొదట్లో కాస్త ఎక్కువ తిప్పానని నాకు తెలిసేలోపే కారు తిరిగిపోయింది. బ్రేకులు కూడా అంతే. కార్వెట్‌లో కాలు పెట్టిన కొద్దీ పట్టు పెరుగుతుంది. హురకాన్ సెరామిక్ బ్రేకులు చల్లగా ఉన్నప్పుడు మొదటి సిగ్నల్ దగ్గర నన్ను సీటు బెల్టుకు వేలాడదీశాయి. హురకాన్‌లో ఇండికేటర్ కోసం చేయి అలవాటుగా పక్క కాడ మీదికి పోతుంది, అక్కడేమీ ఉండదు. ఇండికేటర్ స్విచ్ స్టీరింగ్ మీదే ఉంది. వంపులో స్టీరింగ్ తిరిగి ఉన్నప్పుడు ఆ స్విచ్ ఎక్కడుందో వెతుక్కోవాలి. అందం కోసం పెట్టిన పని, టెన్షన్ మనకి.

రోజువారీ విషయాల్లో మాత్రం పోటీయే లేదు. కార్వెట్‌లో ముందొక డిక్కీ, వెనకొకటి. వెనకదానిలో రెండు గోల్ఫ్ సంచులు పడతాయి, పైకప్పు పలక ఊడదీసి అందులోనే పెట్టుకోవచ్చు. ముక్కు నేలకు తగలకుండా పైకి లేపే ఏర్పాటు తీసుకుంటే, ఎక్కడెక్కడ లేపాలో వెయ్యి చోట్ల దాకా జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుంటుంది. మన కాలనీల్లో అడుగడుక్కీ ఉన్న స్పీడ్ బ్రేకర్లకు ఆ వెయ్యి సరిపోతాయా అన్నది వేరే సంగతి. కార్వెట్‌ను మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు, కాబట్టి ఆ పరీక్ష ఇప్పట్లో లేదు. లాంబోర్గినీలకు ఆ అదృష్టం ఉంది.

ఇంతవరకే అయితే అమెరికా అంటే హాయి, ఇటలీ అంటే ఉద్రేకం అని తేల్చేయొచ్చు. కానీ డాలస్‌లో నా సహోద్యోగి దగ్గర కార్వెట్‌లోనే ఇంకో రకం, జీ06 (Z06) ఉంది. వేగస్ నుంచి తిరిగొచ్చిన వారానికి ఆయన తాళం చేతికిచ్చాడు. నా లెక్కంతా తారుమారైంది.

జీ06లో 5.5 లీటర్ల వీ8. కడ్డీలు లేవు, క్యామ్‌షాఫ్టులు నెత్తికెక్కాయి. లోపల క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, కూడా వేరు. మామూలు అమెరికన్ వీ8లో క్రాంక్ మలుపులు కూడిక గుర్తులా 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. ఆ గుడగుడ శబ్దం అందులోంచే వస్తుంది. జీ06లో అవి ఫెరారీ వీ8ల మాదిరిగా ఒకే గీత మీద 180 డిగ్రీల తేడాతో ఉంటాయి. అందుకే 8,600 దాకా తిరుగుతుంది, 8,400 దగ్గర 670 హార్స్‌పవర్ ఇస్తుంది, గొంతు అచ్చం ఇటలీది. ఫెరారీ 458ని ముందు పెట్టుకుని నేర్చుకున్నామని జీఎం ఇంజనీర్లు దాచుకోకుండా చెప్పారు. తమాషా ఏమిటంటే ఈలోగా ఫెరారీ ఆ దారి వదిలేసింది. 2015లో 458 స్థానంలో వచ్చిన 488కి టర్బోలు (ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టేవి) పెట్టింది, ఆ తర్వాత వచ్చిన 296లో వీ6కి బ్యాటరీ జోడించింది. హురకాన్ వారసుడు టెమెరారియో కూడా టర్బో హైబ్రిడే. టర్బో లేని ఇటాలియన్ వీ8 కేక కొత్త కారులో వినాలంటే ఇప్పుడు కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీ దగ్గర క్యూ కట్టాలి.

అయినా జీ06 నడిపాక నాకు హురకాన్ గుర్తొచ్చింది గానీ, హురకాన్ నడిపినట్టు అనిపించలేదు. కేక ఉంది, బలం ఉంది, కానీ కూర్చున్నది మళ్లీ ఆ హాయి సీట్లోనే. నేను తప్పు చేస్తే సర్దేస్తుంది, నా నుంచి ఏమీ అడగదు.

ఇప్పుడు వ్యాలీ ఆఫ్ ఫైర్ ఫోటోలు చూస్తుంటే ఒక సంగతి గమనించాను. కార్వెట్‌లో వెళ్లిన రోజువి కొండలు, ఆకాశం, రోడ్డు పక్కన నిలబడ్డ అడవి గొర్రెలు. హురకాన్‌లో వెళ్లిన రోజు ఫోటోలన్నీ హురకాన్‌వే. అదే కొండ, అదే మలుపు, ఆ రోజు నాకు కనపడనే లేదు. రెండు గంటలూ చేతులూ చెవులూ కారుకే ఇచ్చేశాను. దిగాక భుజాలు నొప్పి పెట్టాయి. కార్వెట్ రోజు తిరుగు ప్రయాణంలో మా ఆవిడ నిద్రపోయింది. హురకాన్ రోజు తలుపు పిడి వదల్లేదు.

మొన్న బావమరిది మళ్లీ ఫోన్ చేశాడు. సొంతానికైతే కళ్లు మూసుకుని కార్వెట్ అన్నాను, మామూలు స్టింగ్‌రేనే, జీ06 కూడా అక్కర్లేదు. నాలుగు గంటల అద్దెకైతే హురకాన్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి అక్క ఏమంది బావా?" అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. వాళ్ల అక్క వంటింట్లోంచే జవాబిచ్చింది: "మొదటి దాంట్లో నా సూట్‌కేసు డిక్కీలో పట్టిందిరా. రెండో దాంట్లో హ్యాండ్‌బ్యాగు కూడా ఒళ్లోనే పెట్టుకు కూర్చున్నా."