నీలం, ఆలివ్, చాక్లెట్: రంగు గుడ్ల కోళ్ళలో ఏవి కొనదగ్గవి

రంగు గుడ్ల కోసం కోళ్ళు కొనేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది జాతి పేరు దగ్గరే. నీలం గుడ్లు పెడుతుందని తెచ్చిన పిల్లను ఆరు నెలలు మేపాక అది లేత గోధుమరంగు గుడ్డు పెడుతుంది. పెట్టకి ఒక్కటే రంగు. వయసును బట్టి కాస్త ముదురుతుంది, కాస్త వెలుస్తుంది, అంతే. మొదటి గుడ్డు గోధుమరంగులో వచ్చిందంటే ఇక జన్మలో నీలం రాదు. అందుకే పిల్లను కొనే ముందే తేల్చుకోవాలి.

అది తేల్చుకోవాలంటే పెంకుకి రంగు ఎలా పడుతుందో తెలియాలి. ఏ కోడిలోనైనా పెంకు తెల్లని సున్నంతోనే కడుతుంది, అందుకు దాదాపు ఇరవై గంటలు పడుతుంది. బిలివెర్డిన్ అనే నీలి వర్ణకం ఆ కట్టడంలోనే కలుస్తూ పోతుంది. అందుకే నీలం గుడ్డు పగలగొడితే పెంకు లోపల కూడా నీలంగానే ఉంటుంది. గోధుమరంగు ప్రోటోపార్ఫిరిన్ వల్ల వస్తుంది. అది చాలావరకు చివరి గంటల్లో పైపూతలా పడుతుంది, లోపల తెల్లగానే ఉంటుంది. ఇక ఆకుపచ్చకి వేరే వర్ణకమంటూ లేదు. నీలం పెంకు మీద గోధుమ పూత పడితే ఆకుపచ్చ, ఆ పూత బాగా ముదిరితే ఆలివ్.

నీలం ఉండటం, లేకపోవడం ఒక్క జన్యువు చేతిలో ఉంది. అది తల్లి, తండ్రి ఇద్దరిలో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, పెంకు నీలమవుతుంది. ఎప్పుడో కోడి జన్యురాశిలో చొరబడిన ఒక రెట్రోవైరస్ ముక్క వల్ల ఈ గుణం పుట్టిందని 2013లో తేలింది. గోధుమ ముదురు మాత్రం చాలా జన్యువుల కలయిక, తరతరాల ఎంపిక ఫలితం. కాబట్టి నీలం గుడ్లు కావాలంటే జాతి స్వచ్ఛంగా ఉందా అని అడగాలి. చాక్లెట్ రంగు కావాలంటే ఆ మంద గుడ్లను కళ్ళారా చూడాలి.

నీలంలో మా మొదటి ఓటు క్రీమ్ లెగ్‌బార్‌కి. 1930లలో కేంబ్రిడ్జ్‌లో జన్యుశాస్త్రవేత్తలు పన్నెట్, పీజ్ తయారుచేసిన జాతి ఇది. ఏడాదికి సుమారు 180 నుంచి 200 గుడ్లు పెడుతుంది. దీని అసలు విలువ పిల్ల పుట్టిన రోజునే తెలుస్తుంది. పెట్ట పిల్లకి వీపు మీద ముదురు చార స్పష్టంగా, అంచులు తేరి ఉంటుంది. పుంజు పిల్ల పాలిపోయి, చార మసకబారి, నెత్తి మీద లేత మచ్చతో కనిపిస్తుంది. పుంజుల్ని పెంచే చోటు లేనివాళ్ళకి ఇంతకన్నా మేలు లేదు. అయితే స్వచ్ఛమైన లెగ్‌బార్‌లోనే ఈ గుర్తును నమ్మాలి. మరో జాతితో కలిసిన పిల్లల్లో దీని మీద ఆధారపడకూడదు. ఈ కోడి చురుకైనది, మేత వెతుక్కుంటుంది, ఇరుకు గూట్లో చిరాకుపడుతుంది.

అమెరౌకానా రంగు అందంగా ఉంటుంది, స్వభావం నెమ్మది. గడ్డం, చెంపల మీద ఈకల కుచ్చులు, నెత్తికి అతుక్కున్న పొట్టి తురాయి (నెత్తి మీది ఎర్రని కండ) దీని గుర్తులు. అమెరికా కోళ్ళ జాతుల ప్రమాణాల్లో 1984లో చేరింది. చిక్కంతా పేరుతోనే. అక్షరం అటూఇటూ చేసి "అమెరికానా" అని అమ్మేవి చాలావరకు ఈస్టర్ ఎగ్గర్లు, అంటే నీలం జన్యువున్న సంకరాలు. ఈస్టర్ ఎగ్గర్ చెడ్డ కోడి కాదు. బాగా పెడుతుంది, గట్టిది, పిల్లలకి మాలిమి అవుతుంది. గుడ్డు నీలం, ఆకుపచ్చ, లేత గులాబీ, మామూలు గోధుమ, వీటిలో ఏదైనా కావచ్చు. ఏది వచ్చినా సంతోషమే అనుకునేవారికి సరే. నీలమే కావాలనుకునేవారు ముందు తురాయి చూడాలి: ఈకల రంగు ఆ జాతి ప్రమాణాల్లో ఉన్న రంగేనా, అమ్మకందారు తల్లిదండ్రుల్ని చూపగలడా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

అరౌకానా చిలీకి చెందిన మూలజాతి. అమెరికా ప్రమాణాల్లోని రకానికి తోక ఉండదు, చెవుల పక్క ఈకల కుచ్చులుంటాయి. గుడ్డు నీలంగానే ఉంటుంది కానీ మొదటిసారి పెంచేవారికి మేం సిఫారసు చెయ్యం. కుచ్చుల జన్యువు రెండువైపుల నుంచీ వచ్చిన పిండం గుడ్డులోనే చచ్చిపోతుంది. కుచ్చులున్న పుంజుని కుచ్చులున్న పెట్టతో కలిపితే పావు వంతు గుడ్లు ఇలా పోతాయి. తోక లేకపోవడం వల్ల గుడ్లు సరిగా ఫలదీకరణ చెందకపోవడమూ ఉంది.

ముదురు గోధుమకి ఫ్రాన్స్ రేవుపట్నం మరాన్స్ పేరు మీదున్న కోడికి సాటి లేదు. మెడ మీద రాగిరంగు ఉన్న నల్ల మరాన్స్ మంచి మందలో చాక్లెట్ లాంటి గుడ్లు పెడుతుంది. రంగును 1 నుంచి 9 దాకా కొలిచే పట్టీ ఒకటుంది. అందులో 4కి తక్కువైతే మరాన్స్ గుడ్డు అనరు. ఇక్కడే కొనేవాడి ఆశ ఎక్కువవుతుంది. ఫొటోల్లో కనిపించేది పెట్ట కొత్తగా పెట్టడం మొదలుపెట్టిన వారాల గుడ్డు. రోజులు గడిచేకొద్దీ పూత పలచనవుతుంది, గుడ్డు పెద్దదవుతున్న కొద్దీ అదే వర్ణకం ఎక్కువ మేర పరుచుకోవాలి. ఈకలు రాల్చి విశ్రాంతి తీసుకున్నాక మళ్ళీ ముదురుతుంది. కాబట్టి అమ్మకందారుని "ఇదే మంద, ఈ వారం గుడ్లు, తెల్ల కాగితం మీద పెట్టి ఫొటో పంపండి" అని అడగండి. ఏడాదికి 150 నుంచి 200 గుడ్లు ఆశించవచ్చు. గుడ్ల సంఖ్య ముఖ్యమనుకునేవాళ్ళు మరాన్స్‌తో సరిపెట్టుకోలేరు.

నెదర్లాండ్స్ జాతి వెల్సమ్మర్‌కి రావలసినంత పేరు రాలేదు. కుండపెంకు రంగు మీద ముదురు చుక్కలతో వచ్చే గుడ్డు బుట్టలో మరాన్స్ కన్నా ముందే కంట్లో పడుతుంది. తడిగా ఉన్నప్పుడు ఆ చుక్కలు వేలితో రుద్దితే చెదురుతాయి, గూట్లో గడ్డి పొడిగా మెత్తగా ఉండాలి. కాటలోనియాకి చెందిన పెనెడెసెంకా గుడ్డు కూడా చాలా ముదురు. దాని చెవితమ్మె మాత్రం తెల్లన. తెల్ల చెవితమ్మె ఉంటే తెల్ల గుడ్డు అనే సూత్రం దీని దగ్గర నిలవదు, ఎర్ర చెవితమ్మెతో నీలం గుడ్డు పెట్టే అమెరౌకానా దగ్గరా నిలవదు. ఈకల రంగు అసలే పనికిరాదు: ఒళ్ళంతా నలుపున్న కడక్‌నాథ్ గుడ్డు లేత మట్టిరంగులోనే ఉంటుంది.

ఆలివ్ గుడ్లకి కొనడం కన్నా సంకరం చేసుకోవడమే మేలు. నీలం జన్యువు రెండు ప్రతులూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) ఉన్న అమెరౌకానా పెట్టల్ని ముదురు మందలో పుట్టిన మరాన్స్ పుంజుతో కలిపితే పుట్టిన పెట్టలన్నీ ఆకుపచ్చ పెడతాయి. ఒక్క ప్రతే ఉంటే సగమే. పుంజు గుడ్డు పెట్టదు కాబట్టి అది పుట్టిన గుడ్డే దాని చిట్టా. మొదటి తరం పెట్టల్ని మళ్ళీ మరాన్స్‌తో కలిపితే ఆలివ్ ఇంకా ముదురుతుంది కానీ నీలం జన్యువు సగం పిల్లలకే చేరుతుంది. ఆ సగం ఏదో తురాయి చెబుతుంది. నీలం జన్యువు, పొట్టి తురాయి జన్యువు పక్కపక్కనే ఉంటాయి, వందకు కొద్దిమంది పిల్లల్లోనే విడిపోతాయి. రంపంలా నిలబడే తురాయి వచ్చిన పిల్లల్ని పక్కన పెట్టవచ్చు. లెగ్‌బార్‌తో చేసిన సంకరంలో ఈ కిటుకు పనిచెయ్యదు, దాని తురాయే రంపం తురాయి. అక్కడ జన్యు పరీక్ష చేయించాలి, లేదా మొదటి గుడ్డు దాకా ఆగాలి.

మరాన్స్ గుడ్లు పొదిగించేవారు ఏడో రోజున దీపం పెట్టి చూసి ఏమీ కనబడలేదని పారెయ్యకూడదు. ముదురు పెంకులోంచి వెలుగు సరిగా దూరదు. గట్టి టార్చితో పదో రోజున చూడండి.

గోధుమరంగు హఠాత్తుగా వెలిసిపోతే ముందు మేత సంచీ చదవండి. కోళ్ళ రక్తపారుడుకి వాడే నైకార్బజిన్ మేతలో కలిస్తే గోధుమ గుడ్లు తెల్లబడతాయి. అది బ్రాయిలర్ మేతలో ఉంటుంది, గుడ్ల కోళ్ళకి పెట్టకూడనిది. మేత సరైనదే అయితే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే వైరస్ జబ్బుని అనుమానించాలి. పెంకు ముడతలు పడి, గుడ్డు ఆకారం చెడితే పశువైద్యుడికి చూపించాలి. ఎండ దెబ్బ, కుక్క తరమడం, గూడు మార్చడం వల్ల కూడా కొన్నాళ్ళు పాలిపోతుంది. మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం, ప్రోటీన్ 16 శాతం ఉండాలి, గవ్వపెంకుల పొడి విడిగా అందుబాటులో ఉంచాలి. ఇవి పెంకు బలానికి. రంగుని పెంచే మేతంటూ ఏదీ లేదు. పెంకు రంగు వల్ల లోపలి రుచి, పోషకాలు మారవు.

ఆరు పెట్టలకే చోటుంటే మా ఎంపిక: రెండు లెగ్‌బార్, ఒక మరాన్స్, ఒక వెల్సమ్మర్, ఒక ఆలివ్ ఎగ్గర్ (పైన చెప్పిన ఆలివ్ గుడ్ల సంకరం), ఒక తెల్ల లెగ్‌హార్న్. లెగ్‌హార్న్ ఏడాదికి 280 దాకా పెట్టి బుట్ట ఖాళీ కానివ్వదు, దాని తెలుపు పక్కన మిగతా రంగులు తేరి కనిపిస్తాయి. అది అయిదో నెలలోపే మొదలుపెడుతుంది, మరాన్స్‌కి ఆరేడు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అన్ని రంగులూ ఒకేసారి బుట్టలో పడాలంటే మరాన్స్ పిల్లల్ని ఆరు వారాలు ముందు తెచ్చుకోండి.