ఆల్టర్నేటివ్ రాక్ రేడియో: లైవ్ మార్నింగ్ షోనా, రికార్డెడ్ గొంతా, చందాల స్టేషనా, ఏది మేలు?

మొన్న మా కొలీగ్ కారు షెడ్డుకెళ్ళింది, వారం రోజులు నా కార్లోనే ఆఫీసుకి వచ్చాడు. మొదటి రోజే అడిగాడు, "ఇంకా రేడియో వింటున్నావా బాస్, ఫోన్ కనెక్ట్ చేస్తే నీకు కావాల్సిన పాటే వస్తుంది కదా" అని. పాటల కోసం కాదులే అన్నా. మరి దేనికి అంటే వెంటనే చెప్పలేకపోయా. నేను వినేవేమో ఆల్టర్నేటివ్ రాక్ స్టేషన్లు, అంటే మామూలు హిట్ పాటల దారికి కాస్త పక్కగా నడిచే రాక్ బ్యాండ్ల పాటలు వేసేవి, అక్కడ పాటలు తప్ప ఇంకేముంటుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, అమెరికాలో రోజూ గంటన్నర కార్లో గడిపే నేను ఇన్నేళ్ళుగా వింటున్నది పాటల మధ్యలో మాట్లాడే మనుషుల్ని. మనం ఆర్‌జే అంటాం, ఇక్కడ డీజే అనో హోస్ట్ అనో అంటారు. ఆ హోస్టులూ వాళ్ళని వినే జనమూ స్టేషన్‌ని బట్టి పూర్తిగా మారిపోతారు, అందుకే ఏది మేలో నా లెక్క నేను రాస్తున్నా, మీ లెక్క వేరే ఉండొచ్చు.

ముందు లైవ్ మార్నింగ్ షో ఉన్న కమర్షియల్ స్టేషన్. వీటిని తిట్టడం చాలా ఈజీ, అవే పాటలు తిప్పి తిప్పి వేస్తారు, కొత్తగా హిట్టయిన పాటైతే రోజుకి ఆరేడు సార్లు వస్తుంది, మధ్యలో లాయర్ల యాడ్లు, పరుపుల యాడ్లు. కానీ ఎందుకలా చేస్తారో తెలిస్తే కోపం కొంచెం తగ్గుతుంది. పెద్ద సిటీల్లో రేటింగ్ లెక్కేసేది పీపీఎం అనే చిన్న మీటర్, పేజర్ సైజులో ఉంటుంది, కొంతమందికి ఇచ్చి రోజంతా దగ్గర పెట్టుకోమంటారు, స్టేషన్ సౌండులో మన చెవికి వినపడని ఒక కోడ్ ఉంటుంది, మీటర్ దాన్ని పట్టుకుంటుంది. గంటని నాలుగు పావుగంటలుగా కోసి, ఒక పావుగంటలో ఐదు నిమిషాలు వింటే ఆ పావుగంట మొత్తం స్టేషన్ ఖాతాలో వేసేవాళ్ళు, 2025 నుంచి ఆ రేటింగ్ లెక్కేసే కంపెనీ నీల్సన్ దాన్ని మూడు నిమిషాలకి దించింది. అందుకే యాడ్లన్నీ గంటకి ఒకట్రెండు చోట్ల కుప్పపోస్తారు, పావుగంట మారే టైముకి మాత్రం పాట నడుస్తూ ఉండాలి. హోస్ట్ "ఇప్పుడే వచ్చేస్తుంది, ఎక్కడికీ వెళ్ళకండి" అని ఊరించేది కూడా అందుకే. అంటే హోస్ట్ నోట్లో ప్రతి మాట వెనకా ఒక గడియారం ఉంటుంది. ఆ గడియారం కింద కూడా మనిషిలా మాట్లాడగలిగితే వాడే మంచి హోస్ట్, అది అందరివల్లా కాదు.

లాస్ ఏంజెలిస్‌లో కేరాక్ అని 106.7 స్టేషన్ ఉంది, ఆల్టర్నేటివ్ రేడియో అంటే మొదట చెప్పే పేరు అదే. అక్కడ కెవిన్ అండ్ బీన్ అని ఇద్దరు 1990 నుంచి దాదాపు 30 ఏళ్ళు మార్నింగ్ షో నడిపారు. స్కూల్‌కి వెళ్తూ విన్న పిల్లలు పెద్దవాళ్ళయి వాళ్ళ పిల్లల్ని స్కూల్లో దింపుతూ విన్నారన్నమాట. ఆ షో జనాలు నిజానికి పెద్ద మ్యూజిక్ పిచ్చోళ్ళేం కాదు, చాలామందికి బ్యాండ్ పేర్లు కూడా సరిగ్గా తెలియవు, వాళ్ళకి కావాల్సింది ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తమతోపాటు ఇంకెవరో ఇరుక్కున్న ఫీలింగ్. అదే స్టేషన్లో రాడ్నీ బింగెన్‌హైమర్ అని ఇంకొకాయన 1976 నుంచి 2017 దాకా షో చేశాడు, చివరికొచ్చేసరికి ఆదివారం అర్ధరాత్రికి నెట్టేశారు గానీ ఆయన వేసిన బ్యాండ్లని తర్వాత అమెరికా అంతా విన్నది. అంటే ఒకే స్టేషన్‌లో పొద్దున కబుర్ల జనం, అర్ధరాత్రి చెవులు కోసుకునే జనం, ఇద్దరూ ఉండేవాళ్ళు. ఇప్పుడు కమర్షియల్ స్టేషన్లలో ఆ అర్ధరాత్రి మనిషికి చోటు దాదాపు పోయింది.

ఇక రికార్డెడ్ గొంతు. వాయిస్ ట్రాకింగ్ అంటారు. హోస్ట్ ఎక్కడో వేరే సిటీలో కూర్చుని నాలుగు గంటల షోలో తను మాట్లాడే ముక్కలన్నీ గంట లోపే రికార్డ్ చేసి పడేస్తాడు, సాఫ్ట్‌వేర్ వాటిని పాటల మధ్యలో అతికిస్తుంది, అదే మనిషి అదే రోజు ఇంకో నాలుగైదు సిటీలకి కూడా అలాగే చేస్తాడు. ఇది ఊరికే పుట్టలేదు. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం రాకముందు ఒక కంపెనీ దేశం మొత్తం మీద 40 స్టేషన్లకి మించి పెట్టుకోకూడదు, ఆ చట్టం జాతీయ పరిమితి ఎత్తేసింది, పెద్ద సిటీలో ఒకళ్ళకే ఎనిమిది దాకా ఉండొచ్చు అంది. కొన్నేళ్ళలోనే క్లియర్ ఛానెల్ చేతిలో సుమారు 1,200 స్టేషన్లు చేరాయి, ఇప్పుడు ఆ కంపెనీ పేరు ఐహార్ట్‌మీడియా. లైసెన్స్ ఉన్న ఊరి దగ్గర్లో ఒక మెయిన్ స్టూడియో ఉండాలనే రూల్ ఒకటుండేది, 2017లో ఎఫ్‌సీసీ, అంటే రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ, దాన్ని కూడా తీసేసింది. కంపెనీ అప్పులు తీర్చాలి, ఖర్చు తగ్గించాలి, మరి ముందు ఎవరి మీద పడతారు, జీతం తీసుకునే గొంతు మీదే.

మా ఏరియాలో ఒక స్టేషన్ ఇలాగే మారింది, పేరెందుకులెండి. మారినట్టు ఎవరూ అనౌన్స్ చెయ్యలేదు, నేనే కనిపెట్టాను. ఇక్కడ ఒక రోడ్డు పేరు రాసేది ఒకలా, పలికేది ఇంకోలా, ఊళ్ళో చిన్న పిల్లాడికి కూడా తెలుసు, మధ్యాహ్నం షోలో కొత్త హోస్ట్ దాన్ని అక్షరం అక్షరం చదివినట్టు పలికాడు. ఓహో, ఈయన ఈ రోడ్డు మీద జన్మలో పోలేదు అనుకున్నా. తర్వాత కాన్సర్ట్ టికెట్ల కాంటెస్ట్ పెడితే ఉత్సాహంగా ఎంటర్ అయ్యాను, తీరా కింద రూల్స్ చదివితే అది దేశంలో ఆ కంపెనీ స్టేషన్లన్నిటికీ కలిపి పెట్టిన ఒకే పోటీ, గెలిచేది మొత్తానికి ఒక్కడు. పాతరోజుల్లో తొమ్మిదో కాలర్‌కి టికెట్ అంటే కనీసం ఆ తొమ్మిది మందీ మన ఊరోళ్ళే కదా.

అయితే ఇక్కడ ఒక పీటముడి ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. పైన చెప్పిన కెవిన్ అండ్ బీన్‌లో బీన్ చాలా ఏళ్ళు లాస్ ఏంజెలిస్‌లోనే లేడు! వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటూ అక్కడినుంచే లైన్ కలుపుకుని మాట్లాడేవాడు, వినేవాళ్ళలో చాలామందికి కొన్నాళ్ళు ఆ సంగతే తెలియదు, తెలిసినా ఎవడూ పట్టించుకోలేదు. మరి వెయ్యి మైళ్ళ అవతల ఉన్న బీన్ లోకల్ ఎలా అయ్యాడు, మా రోడ్డు పేరు పలకలేని ఆయన ఎందుకు కాలేదు? నాకు తోచింది ఏంటంటే బీన్ లైవ్‌లో ఉన్నాడు, ఎవరైనా ఫోన్ చేసి తిడితే ఆ తిట్టు ఆ నిమిషంలోనే ఆయన చెవిన పడేది. రికార్డెడ్ హోస్ట్‌ని నువ్వు తిట్టలేవు, నీ తిట్టు చేరేసరికి ఆయన రేపటి షో కూడా రికార్డ్ చేసేసి ఇంటికెళ్ళిపోయి ఉంటాడు. దూరం కంటే ఈ టైం తేడానే అసలు సమస్య అని నా ఉద్దేశం. ఇంకో మాట, ఆ రికార్డెడ్ గొంతులన్నీ చెత్తవి అనుకోకండి, వాళ్ళల్లో ఒకప్పటి మంచి లోకల్ హోస్టులు చాలామంది ఉన్నారు, ఉద్యోగం నిలబెట్టుకోవాలంటే అదే దారి అయిపోయింది. ఐదు సిటీలకి సరిపోయే మాటే మాట్లాడాలి, ఐదు సిటీలకి సరిపోయే మాట అంటే చివరికి మిగిలేది బ్యాండ్ వాళ్ళ పెళ్ళిళ్ళూ విడాకులే.

మూడోది చందాల స్టేషన్, అంటే యాడ్ల మీద కాకుండా వినేవాళ్ళిచ్చే డబ్బుల మీద నడిచేది. 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ మధ్య జాగా నాన్ కమర్షియల్ వాళ్ళ కోసం పక్కనపెట్టారు, సియాటెల్ కేఈఎక్స్‌పీ 90.3, మినియాపొలిస్ ఏరియాలో ద కరెంట్ 89.3, రెండూ ఆ జాగాలోనే ఉంటాయి. కేఈఎక్స్‌పీ 1972లో యూనివర్సిటీ స్టూడెంట్ల కేసీఎంయూగా మొదలై 2001లో పేరు మార్చుకుంది, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 92.7 కొనుక్కుని 2024లో అక్కడా మొదలెట్టింది (లోకల్ అనే మాటకి అర్థం ఏంటో అది మళ్ళీ ఇంకో గొడవ). ఇక్కడ హోస్ట్ తన షోలో చాలా పాటలు తనే ఎంచుకుంటాడు, ఏ పాట తర్వాత ఏది రావాలి అన్నది ఆయన ఆలోచన, కంప్యూటర్ ఇచ్చిన లిస్ట్ కాదు. పొద్దున షో చేసే జాన్ రిచర్డ్స్ వాళ్ళమ్మ పోయాక ఆవిడ జ్ఞాపకంగా ఏటా ఒక రోజు షో చేస్తాడు, వినేవాళ్ళు వాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ గురించి రాసి పంపుతారు, ఆయన చదువుతాడు, పాటలు వేస్తాడు. మీటర్ కోసం పరిగెత్తే స్టేషన్లో ఇలాంటిది ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి.

2016 ఏప్రిల్ 21న పాప్ స్టార్ ప్రిన్స్ చనిపోయినప్పుడు ద కరెంట్ మిగతావన్నీ ఆపేసి ఆయన పాటలే వేసింది. ప్రిన్స్ వాళ్ళ ఊరివాడు కదా. ఫోన్లో పాటల యాప్‌లో కూడా ప్రిన్స్ పాటలు ఉంటాయి, ఆ రోజు కోట్లమంది విని ఉంటారు, కానీ ఒకళ్ళు విన్నట్టు ఇంకొకళ్ళకి తెలియదు. కార్లో ఒక్కడివే కూర్చుని, పక్క లైన్లో ఉన్నవాడు కూడా ఇదే స్టేషన్ పెట్టుకుని ఉంటాడు అనుకోవడం వేరే సంగతి. 1994లో నిర్వాణ బ్యాండ్ సింగర్ కర్ట్ కోబెయిన్ ఇంట్లో చనిపోయి కనిపించినప్పుడు కూడా కేఎక్స్‌ఆర్‌ఎక్స్ అనే సియాటెల్ లోకల్ రాక్ స్టేషన్‌కి ఆయన్ని మొదట చూసిన ఎలక్ట్రీషియన్ పనిచేసే కంపెనీ నుంచి ఫోన్ వెళ్ళింది, వార్త మొదట బయటికొచ్చింది వాళ్ళ నుంచే. అంత పెద్ద విషయం జరిగితే స్టేషన్‌కి ఫోన్ చెయ్యాలని తోచిందంటే ఆ ఊళ్ళో రేడియో ఎక్కడ కూర్చుందో చూడండి.

సరే, పొగిడింది చాలు. చందాల స్టేషన్లలో నాకు పడనివి కూడా ఉన్నాయి. డబ్బులు అడిగే వారం ఒకటి వస్తుంది, ఆ వారం పాటలు తక్కువ, బతిమాలడం ఎక్కువ, టోట్ బ్యాగ్ ఇస్తాం కప్పు ఇస్తాం అంటూ, నేను నెలకి 10 డాలర్లు ఇస్తున్నా కూడా నన్నే మళ్ళీ అడుగుతుంటే ఎక్కడ చెప్పుకోవాలి. పైగా ఆ జనం. కమర్షియల్ స్టేషన్ వాడు "ఆ డడడా అని వస్తుంది కదా ఆ పాట వెయ్యండి" అని అడుగుతాడు, చందాల స్టేషన్ వాడు బ్యాండ్‌లో పాత డ్రమ్మర్ పేరుతో సహా అడుగుతాడు, తనకి నచ్చిన బ్యాండ్ నలుగురికి తెలిసిపోగానే వదిలేస్తాడు. నేనూ కొంచెం అదే బాపతు అనుకోండి. హోస్టులు కూడా కొందరు ఐదు నిమిషాలు లెక్చర్ ఇస్తారు, పొద్దున ఏడున్నరకి ముందు బ్రిడ్జి మీద యాక్సిడెంట్ అయిందా లేదా చెప్పండి నాయనా అనిపిస్తుంది. వీళ్ళ నెత్తిన కూడా కత్తి ఉంది, 2025లో పబ్లిక్ రేడియోకి వచ్చే ఫెడరల్ డబ్బు ఆగిపోయింది, ఇంక బతిమాలే వారాలు పెరుగుతాయే తప్ప తగ్గవు.

మధ్యలో నాలుగో రకం ఒకటుండేది, సొంత ఓనర్ నడిపే చిన్న కమర్షియల్ స్టేషన్. యాడ్లూ ఉంటాయి, హోస్ట్‌కి స్వేచ్ఛా ఉంటుంది. మనసులో మాట చెప్పాలంటే నా ఓటు దీనికే, కానీ ఓటెయ్యడానికి అభ్యర్థులే మిగల్లేదు. ఒహైయోలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న కాలేజీ టౌన్‌లో 97ఎక్స్ అనే స్టేషన్ 1983లో ఈ ఆల్టర్నేటివ్ పాటలు మొదలెట్టింది, దాని స్లోగన్ రెయిన్ మ్యాన్ సినిమాలో డస్టిన్ హాఫ్‌మన్ పదే పదే అంటాడు, అంత పేరొచ్చినా 2004లో ఎఫ్ఎం అమ్ముకోవాల్సి వచ్చింది, ఇంటర్నెట్‌లో లాగి లాగి 2010లో మూతపడింది. వాషింగ్టన్ డీసీ ఏరియా డబ్ల్యూహెచ్‌ఎఫ్‌ఎస్ అయితే, అది పెద్ద కంపెనీ చేతికి ఎప్పుడో వెళ్ళిపోయిందిలే, 2005 జనవరి 12న పట్టపగలు ఉన్నట్టుండి స్పానిష్ పాటల స్టేషన్ అయిపోయింది. జనం గోల చేశారు, పిటిషన్లు పెట్టారు. ప్రాణం పెట్టి వినేవాళ్ళు వేలల్లో ఉన్నా, ఆ వేలల్లో రేటింగ్ లెక్కలోకి వచ్చేవాళ్ళు ఎంతమంది అన్నదే లెక్క.

యాప్ సంగతి రెండు ముక్కల్లో: కేవలం పాటలే కావాలంటే రికార్డెడ్ గొంతు స్టేషన్ కంటే యాప్ వందరెట్లు నయం, డబ్బు కడితే యాడ్లుండవు, ఆ రోడ్డు పేరు తప్పు పలికేవాడూ లేడు. మిగతా రెండిటికీ మాత్రం యాప్ పోటీయే కాదు.

సో కొత్త పాటలు, కొత్త బ్యాండ్లు తెలుసుకోవాలంటే చందాల స్టేషన్, అందులో డౌటే లేదు, మీ ఊళ్ళో లేకపోతే ఆన్‌లైన్ స్ట్రీమ్ ఎలాగూ ఉంది, వీలైతే డబ్బులు కూడా ఇవ్వండి. పొద్దున పూట, నిద్రమొహంతో ట్రాఫిక్‌లో ఉన్నప్పుడు మాత్రం నేను ఇప్పటికీ నొక్కేది మొదటి బటన్, లైవ్ మార్నింగ్ షో. పాటలు పాతవే, జోకులు ఇంకా పాతవి. కానీ కొలీగ్ నా కార్లో వచ్చిన ఆ వారం జరిగింది చెప్తా వినండి. సోమవారం ఆ షో హోస్ట్ ఆవిడకి గొంతు బొంగురుపోయింది, మంగళవారానికి దగ్గు, బుధవారం పాట మధ్యలో మైక్ ఆఫ్ చెయ్యడం మర్చిపోయి గట్టిగా తుమ్మేసింది. ఇంక చూస్కోండి, గురువారమంతా ఫోన్లే, తేనె తాగమని ఒకడు, ఇంటికెళ్ళి పడుకోమని ఒక పెద్దావిడ, ఆ తుమ్ముని రింగ్‌టోన్ చేసుకున్నానని ఇంకొకడు. మా కొలీగ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, ఏం మాట్లాడలేదు, ఫోన్ కూడా బయటికి తియ్యలేదు.

శుక్రవారం ఆవిడ రాలేదు, పక్కన ఉండే కుర్రాడు ఒక్కడే తడబడుతూ నడిపాడు. అదే రోజు కొలీగ్ కారు షెడ్డు నుంచి వచ్చేసింది. మళ్ళీ సోమవారం కాఫీ మెషీన్ దగ్గర కనపడి, అటూ ఇటూ చూసి మెల్లిగా అడిగాడు, "బాస్, ఆవిడ వచ్చిందా ఇవాళ? జలుబు తగ్గిందటనా?"